నరసాపురం లేసు క్రిస్మాన్లు: అల్లిక బాగుంది, అక్షరాలే చూసుకోవాలి

ఈసారి గుడిలో క్రిస్మస్ చెట్టుకి శాంటా బొమ్మలు మానేసి క్రైస్తవ చిహ్నాలే కడదామని మా స్త్రీల సమాజంలో అనుకున్నాం. వీటిని క్రిస్మాన్లు అంటారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం డాన్‌విల్‌లోని ఒక లూథరన్ చర్చికి 1957లో ఫ్రాన్సెస్ కిప్స్ స్పెన్సర్ అనే ఆవిడ మొదట చేశారు. తెలుపు, బంగారు రంగులే వాడతారు. తెల్ల లేసుకి పక్కనే నరసాపురం ఉండగా ప్లాస్టిక్‌వి తెప్పించుకోవడమెందుకని అక్కడే ఒక కొట్లో ఆర్డరిచ్చాం. 24 ముక్కలు, 2,400 రూపాయలు.

అల్లికకి వంక పెట్టలేం. మా అత్తగారు చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన మనిషి. బాప్తిస్మానికి గుర్తుగా ఇచ్చిన ఆల్చిప్పని తిరగేసి ముడుల కోసం వెతికారు, ఒక్కటీ దొరకలేదు. చేపకి పొలుసులు కూడా తేల్చారు, మన చేపలు తెలిసిన చేతులు కదా! లంగరు, కిరీటం ముచ్చటగా ఉన్నాయి. సీతాకోకచిలుక ఎందుకని సండే స్కూలు పిల్లలు అడిగితే, గూడు చీల్చుకుని బయటికొస్తుంది కాబట్టి పునరుత్థానానికి గుర్తని చెప్పాం. ఇంకో సుఖం, బరువు లేకపోవడం. మా చెట్టంటే సరుగుడు కొమ్మే. గాజు బంతులు కడితే ఒంగిపోయేది, వీటికి నిటారుగా నిలబడింది.

పేచీ అంతా అక్షరాలతోనే. ఖీ-రో అంటే గ్రీకులో క్రీస్తు పేరుకి మొదటి రెండక్షరాలు, ఒకదాని మీద ఒకటి. వీళ్లు ఒంటి పొరతో అల్లారు. దారానికి కట్టి ఫ్యాను వేయగానే గిర్రున తిరుగుతోంది, వెనకనుంచి చూస్తే రో గుండ్రం ఎడమవైపుకి పోతోంది. గ్రీకులో మొదటి, చివరి అక్షరాలైన అల్ఫా, ఓమెగా ఒకే ముక్కలో ఉన్నాయి. అది తిరిగిందంటే అంతం ముందొచ్చి ఆది తర్వాతొస్తోంది! అయ్యగారు నవ్వేశారు కానీ నాకు మాత్రం ప్రసంగం మీద ధ్యాస నిలవలేదు. కొట్లో అడిగితే, "రెండు పొరలంటే కూలి రెట్టింపవుద్దండి" అన్నారు. ముందే చెబితే ఇచ్చేవాళ్లమే. అల్లే ఆడవాళ్ల చేతికి వచ్చేదే అంతంత మాత్రం.

దిగివచ్చే పావురానికి తోక దగ్గర ఉండాల్సిన దారం కట్టే ఉంగరం తల దగ్గర పెట్టారు, అది ఎగిరిపోతున్నట్టుంది. గంజి కూడా పలచన. తెల్లవారుజాము మంచుకి రెక్కలు వాలిపోయాయి.

మళ్లీ అక్కడే కొంటాను. మీరు కొంటే మాత్రం అక్షరాలున్నవి రెండు పొరలుగా, వెనక కూడా సరిగ్గా కనపడేలా అల్లమనండి. గంజి చిక్కగా పెట్టమనండి. డబ్బిచ్చే ముందు ఒక్కోటీ దారానికి కట్టి తిప్పి చూడండి, కొట్టువాళ్లు విసుక్కున్నా సరే.