కణాలు బాగున్నాయి, ప్యాకింగే భయపెట్టింది

గుంటూరులో మా ల్యాబ్‌కి చిట్టెలుక ప్లీహం ఎండోథీలియల్ కణాలు (రక్తనాళాల లోపలి పొరలో ఉండేవి) ఒక వయల్, అంటే చిన్న సీసా, తెప్పించాం. అసలే మే నెల ఎండలు, డబ్బా మూత తీస్తే అడుగున చారెడు డ్రై ఐస్, -78 డిగ్రీల చలిలో రావాల్సిన సరుకు కదా, గుండె జారిపోయింది. కరిగించడానికి వయల్‌ని 37 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టి, చిన్న మంచు పలుకు మిగిలుండగానే తీసి, ఫైబ్రోనెక్టిన్ (కణాలు అతుక్కోవడానికి తోడ్పడే ప్రోటీన్) పూసిన ఫ్లాస్కులో వేశాం. మర్నాటికి చాలావరకు అతుక్కున్నాయి, హమ్మయ్య! ఈ రకం కణాల మీద ఉండే సీడీ31 ప్రోటీన్‌కి స్టెయినింగ్ చేస్తే కణాల అంచులు గీత గీసినట్టు మెరిశాయి. ప్రైమరీ కణాలు (జంతువు నుంచి నేరుగా తీసినవి) కాబట్టి సెల్ లైన్‌లా ఎన్నాళ్లయినా పెరుగుతాయనుకోకండి, మావి మూడో పాసేజ్‌కే, అంటే మూడోసారి కొత్త ఫ్లాస్కులోకి మార్చేసరికే, నీరసించాయి. కణాలకి నాలుగు స్టార్లు, ప్యాకింగ్‌కి ఒకటి. ఇంకో రెండు కిలోల డ్రై ఐస్ వేస్తే వాళ్ల సొమ్మేం పోయేది?