9 ఏళ్లుగా చూస్తున్న మా అపార్ట్‌మెంట్ కమిటీ

నెల్లూరులో మినీ బైపాస్‌కు దగ్గర్లో ఉన్న మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లున్నాయి. 2016లో గృహప్రవేశం చేశాం. అప్పటి నుంచి నాలుగు కమిటీలను చూశాను. అందులో ఒక దాంట్లో రెండేళ్లు నేనే ట్రెజరర్‌ని. కొనేటప్పుడు తూర్పు వాకిలి ఉందా, కారు పట్టే పార్కింగ్ ఇస్తారా అని అడిగాం గానీ, రేపు దీన్ని నడిపేది ఎవరు, లెక్క ఎవరు చూస్తారు అని మాలో ఒక్కరూ అడగలేదు. ఆ ప్రశ్న అడగనందుకు మొదటి మూడేళ్లు చాలా ఇబ్బంది పడ్డాం.

బిల్డర్ ఇంటికి 25,000 చొప్పున కార్పస్ ఫండ్, అంటే పెద్ద ఖర్చులకు దాచి ఉంచే ఉమ్మడి నిధి, తీసుకున్నాడు. మొత్తం 10 లక్షలు. అది మా చేతికి రావాలంటే అసోసియేషన్ పేరుతో బ్యాంకు ఖాతా ఉండాలి, ఖాతా కావాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయడానికి ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ ఏడు సంతకాలకే మాకు ఏడాదిన్నర పట్టింది.

2019లో నేను ట్రెజరర్ అయ్యాక మొదట జనరేటర్ గదికి వెళ్లాను. ప్యానెల్ మీద చిన్న మీటర్ ఉంటుంది, జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది. దాని మీది మసి చీర కొంగుతో తుడిస్తే అంకెలు కనపడ్డాయి: 412.6. నెల తర్వాత చూస్తే 417.1. అంటే నాలుగున్నర గంటలు. మాది గంటకు ఏడు లీటర్లకు మించి తాగదు, అంటే 32 లీటర్లు చాలు. ఆ నెల బిల్లు మాత్రం 90 లీటర్లకు ఉంది. మీటింగులో ఆ కాగితం పెట్టగానే పాత సెక్రటరీ గారికి కోపం వచ్చింది. "ఏందమ్మా, జీతం భత్యం లేకుండా చాకిరీ చేస్తే మమ్మల్ని దొంగల్ని చేస్తారా?" అన్నారు. ఆయన తిన్నారని నేను అనలేదు, ఇప్పటికీ అనను. డీజిల్ ఎవరు తెచ్చారు, ఎవరు పోశారు అన్నది రాసిన పుస్తకమే లేదు. ఆ నెల నుంచి ప్రతి 1వ తేదీన మీటర్ రీడింగు, బ్యాంకు బాలెన్సు నోటీసు బోర్డు మీద పెడుతున్నాం. తర్వాతి నెల 35 లీటర్లతో సరిపోయింది. మెయింటెనెన్స్ కట్టనని మొండికేసిన రెండు ఇళ్లవాళ్లు బోర్డు చూశాక మారుమాట లేకుండా కట్టారు.

కమిటీ విలువ నాకు బాగా తెలిసింది 2021 నవంబరు వానల్లో. మా ఊరి పక్కనే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు ఆగిపోయాయి. మా సెల్లార్‌లోకి రాత్రి నీళ్లు మొదలయ్యాయి. అప్పటి సెక్రటరీ గారు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైన మనిషి. ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టి బండ్లు బయటికి తీయించారు. పై ట్యాంకు నిండే దాకా మోటారు వేయించి, లిఫ్టును మూడో అంతస్తులో ఆపి, అప్పుడు మెయిన్ దించారు. ఒంటిగంటకు సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లు. రెండు రోజులు కరెంటు లేదు గానీ కుళాయిలో నీళ్లున్నాయి, లిఫ్టు చెడిపోలేదు. తర్వాత ప్యానెల్ బోర్డును సెల్లార్ నుంచి పైకి, వాచ్‌మన్ గది పక్కకు మార్చాం. 2,80,000 అయింది. కార్పస్ ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఇంటికి 7,000 అప్పటికప్పుడు పడేది.

అన్నీ మంచి పనులే చేశారని చెప్పను. 14 నెలలు బాకీ పడిన ఒక ఇంటికి ఒక కమిటీ నీళ్ల వాల్వు కట్టేసింది. ఆ ఇంట్లో మంచం దిగలేని పెద్దావిడ ఉంది. ప్రెసిడెంటు గారింటికి వెళ్లి, "నోటీసు ఇవ్వండి సార్, కావాలంటే కోర్టుకు పోండి, నీళ్లు మాత్రం ఆపొద్దు" అన్నాను. "అట్టయితే మిగతా 39 ఇళ్లవాళ్లు ఊరుకుంటారా మేడమ్?" అన్నారు. సాయంత్రానికి వాల్వు తెరిచారు, బాకీ మూడు వాయిదాల్లో వచ్చింది. ఆ పని మాత్రం నేను క్షమించలేదు. అద్దెకుండేవాళ్లను మీటింగులో నోరెత్తనివ్వకపోవడం కూడా నాకు నచ్చదు. ఆ లిఫ్టులో తిరిగేది, ఆ నీళ్లు వాడేది వాళ్లే కదా.

మాది రెరాకు, అంటే ఇల్లు కొనేవాళ్లకు రక్షణగా వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టానికి, ముందు పూర్తయిన బిల్డింగు. డ్రైనేజీ లైను ఎటు పోతుందో చూపే ప్లాను ఇవ్వలేదు, పైపు పూడితే మూడు చోట్ల తవ్వాల్సి వచ్చింది. ఇప్పుడు కొనేవాళ్లకు ఆ బాధ అక్కర్లేదు. ఆ చట్టం ప్రకారం సగానికి పైగా ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడేలా బిల్డరే చూడాలి. ఇళ్లలో చేరొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక 30 రోజుల్లో ప్లాన్లు, కాగితాలు అప్పగించాలి. స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడి మీరు చెబితే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగు చేయాలి. అడిగి తీసుకోండి.

ఇప్పుడున్న కమిటీ లెక్క పక్కాగా రాస్తోంది, ఫోన్ చేస్తే పలుకుతోంది. ఒక్క విషయంలోనే నాకు టెన్షన్. 2021లో తీసిన డబ్బు కార్పస్‌లోకి మళ్లీ వేయలేదు. లిఫ్టుకు తొమ్మిదేళ్లు నిండాయి, టెర్రస్ మీద రెండు చోట్ల చెమ్మ దిగుతోంది. నెలకు 2,500 కడుతున్నాం, దాని మీద ఇంకో 300 కార్పస్‌కు వేద్దామని రాసి ఇళ్లకు తిప్పుతున్నాను. 17 సంతకాలు వచ్చాయి. ఆదివారం జనరల్ బాడీ మీటింగు, 40 ఇళ్లలో సగం దాటాలంటే ఈలోపు ఇంకో నాలుగు కావాలి.