సూపర్‌మాక్స్ ఒప్పందం: ధర సరే, వదిలించుకునే దారేది?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక జట్టు యాజమాన్యం కొనగలిగే అత్యంత ఖరీదైన సరుకు సూపర్‌మాక్స్ ఒప్పందం. దాన్ని అభిమాని కళ్లతో కాకుండా డబ్బు కట్టే యజమాని కళ్లతో చూడటం ఈ సమీక్ష ఉద్దేశం. 2016 వేసవిలో స్టార్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్ ఓక్లహోమా సిటీని వదిలి గోల్డెన్ స్టేట్‌కు వెళ్లిపోయాక, తాను పెంచి పెద్దచేసిన ఆటగాడికి వేరెవరూ ఇవ్వలేనంత మొత్తం ఇవ్వగలిగే హక్కు సొంత జట్టుకు ఉండాలన్న ఆలోచన బలపడింది. ఆ ఆలోచనే 2017లో ఈ ఒప్పందంగా అమల్లోకి వచ్చింది.

ఏడు నుంచి తొమ్మిది సీజన్లు ఆడిన ఆటగాడికి కొత్త ఒప్పందం తొలి ఏడాది జీతం మామూలుగా శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితిలో) 30 శాతం దాటకూడదు. సూపర్‌మాక్స్ దాన్ని 35 శాతం దాకా తీసుకువెళ్తుంది, ఆపైన ఏటా ఆ తొలి జీతంలో 8 శాతం చొప్పున పెంచుతుంది. ఆటగాడు ఇటీవలి సీజన్లలో ఆల్-ఎన్‌బీఏ జట్టులో (ఆ సీజన్ మేటి ఆటగాళ్ల జాబితాలో) చోటో, ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) వంటి పురస్కారమో సాధించి ఉండాలి. తన తొలి ఒప్పందం ముగిసేలోపే ఈ జట్టుకు వచ్చినవాడై ఉండాలి. సంతకం చేశాక ఏడాది పాటు అతణ్ణి మరో జట్టుకు పంపడానికి వీల్లేదు.

తృప్తిపడిన కొనుగోలుదారులు లేకపోలేదు. 2017లో స్టెఫెన్ కర్రీకి ఐదేళ్లకు 20.1 కోట్ల డాలర్లు ఇచ్చిన గోల్డెన్ స్టేట్ ఆ కాలంలో 2018, 2022 టైటిళ్లు గెలిచింది. 2020 డిసెంబర్‌లో 22.8 కోట్ల డాలర్లకు సంతకం చేసిన యానిస్ అంటెటోకూంపో అదే సీజన్ ఫైనల్స్ ఆరో ఆటలో 50 పాయింట్లు కొట్టి మిల్వాకీని విజేతగా నిలిపాడు.

చేదు అనుభవాలు మాత్రం ఎక్కువ నేర్పుతాయి. వాషింగ్టన్ 2017లో జాన్ వాల్‌కు నాలుగేళ్లకు 17 కోట్ల డాలర్లు రాసి ఇచ్చింది. ఆ జీతం 2019-20లో గాని మొదలుకాదు. ఈలోగా 2019 ఆరంభంలోనే అతని మడమకు శస్త్రచికిత్స జరిగింది, ఆ వెంటనే అకిలీస్ స్నాయువు (పిక్కను మడమకు కలిపే పట్టీ) తెగింది. కొత్త జీతం మొదలైన తొలి సీజన్‌లో అతను ఒక్క ఆటా ఆడలేదు. 2017లోనే ఓక్లహోమా సిటీతో 20.5 కోట్ల డాలర్లకు సంతకం చేసిన రసెల్ వెస్ట్‌బ్రూక్, ఆ ఒక్క ఒప్పందంతోనే హ్యూస్టన్, వాషింగ్టన్, లేకర్స్, యూటా చేతులు మారాడు. 2020 డిసెంబర్‌లో హ్యూస్టన్, వాషింగ్టన్ జట్లు వీరిద్దరినీ పరస్పరం మార్చుకున్న తీరు చూస్తే, ఇంత భారమైన ఒప్పందాన్ని తీసుకోవడానికి అంతే భారం మోస్తున్న జట్టు తప్ప మరొకటి ముందుకు రావడం ఎంత కష్టమో అర్థమవుతుంది.

లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023లో కుదిరిన కార్మిక ఒప్పందం జట్టు మొత్తం జీతాల మీద తెచ్చిన ‘సెకండ్ ఏప్రన్’ పరిమితి ఈ చిక్కును మరింత బిగించింది. 2025-26లో సుమారు 20.78 కోట్ల డాలర్లుగా ఉన్న ఆ గీత దాటిన జట్టు, ఇద్దరు ఆటగాళ్ల జీతాలను కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోలేదు. ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) నగదు పంపే వీలూ ఉండదు. జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ ఇద్దరితోనూ సూపర్‌మాక్స్ సంతకాలు చేయించుకున్న బోస్టన్ 2024లో టైటిల్ గెలిచిన మాట నిజమే. కానీ 2025 మేలో టేటమ్ అకిలీస్ గాయంతో పడిపోగా, ఆ వేసవిలోనే గీత కిందికి దిగడానికి జ్రూ హాలిడేను, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను వదులుకోవాల్సి వచ్చింది.

ఇక కొనకుండా తప్పుకున్న జట్టు సంగతి. లూకా డాంచిచ్‌కు 2025 వేసవిలో డాలస్ ఇవ్వగలిగిన సూపర్‌మాక్స్ విలువ ఐదేళ్లకు సుమారు 34.5 కోట్ల డాలర్లని అంచనా. అతని శరీర దారుఢ్యం మీద, రక్షణ ఆట మీద అనుమానంతో జనరల్ మేనేజర్ నికో హారిసన్ ఫిబ్రవరి ఆరంభంలోనే అతణ్ణి లేకర్స్‌కు పంపేశాడు. అనుమానాన్ని తప్పుపట్టలేను, అప్పటికి పిక్క గాయంతో డాంచిచ్ క్రిస్మస్ నుంచి ఆడటం లేదు. తప్పంతా ప్రతిఫలంలో ఉంది. పాతికేళ్ల వయసులో ఐదుసార్లు ఆల్-ఎన్‌బీఏ మొదటి జట్టులో నిలిచిన, అంతకుముందు ఏడాదే జట్టును ఫైనల్స్‌కు చేర్చిన ఆటగాడికి బదులుగా డాలస్‌కు దక్కింది ముప్పై ఒక్క ఏళ్ల ఆంథనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 నాటి ఒక మొదటి రౌండ్ పిక్ (కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు). పైగా ఖర్చుకు భయపడ్డారనుకున్నా లెక్క కుదరదు: 2025-26లో డేవిస్ జీతం 5.4 కోట్ల డాలర్లు దాటుతుంటే డాంచిచ్‌ది 4.6 కోట్ల లోపే. డేవిస్ కొత్త జట్టు తరఫున ఆడిన తొలి ఆటలోనే గాయపడ్డాడు. డాంచిచ్ ఏప్రిల్‌లో లేకర్స్ చొక్కాతో డాలస్ వచ్చి 45 పాయింట్లు చేశాడు. డాలస్ శివార్లైన ఇర్వింగ్, ఫ్రిస్కోల తెలుగు ఇళ్లలో డాంచిచ్ జెర్సీ వేసుకుని తిరిగే పిల్లలకు ఇది ఎలా వివరించాలో నాకైతే తోచదు. హారిసన్‌ను నవంబర్‌లో తొలగించారు.

ఆటగాడికీ నష్టమే జరిగింది. జట్టు మారడంతో డాంచిచ్ సూపర్‌మాక్స్ అర్హత పోయింది. ఆగస్టులో లేకర్స్‌తో మూడేళ్లకు 16.5 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాడు.

అందుచేత ఈ ఒప్పందాన్ని నేను సిఫారసు చేసేది ఒకే రకం జట్టుకు: ఆటగాడు టైటిల్ జట్టులో మొదటివాడై ఉండాలి, ఒప్పందం చివరి ఏడాదికి కూడా అతని వయసు ముప్పై మూడు దాటకూడదు. రెండో స్థాయి స్టార్ అయితే, గడువుకు ఏడాది ముందే, అతని మీద గిరాకీ ఉన్నప్పుడే, నాలుగైదు జట్లతో బేరమాడి పంపడం మేలు. ఈ కొలతకు చక్కగా సరిపోయిన తాజా ఉదాహరణ షే గిల్జస్-అలెగ్జాండర్. ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ, టైటిల్ ఒకే సీజన్‌లో సాధించాక 2025 జులైలో ఓక్లహోమా సిటీ అతనితో నాలుగేళ్లకు 28.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అది 2027-28లో మొదలవుతుంది. అదే నెలలో చెట్ హోమ్‌గ్రెన్‌కు, జేలెన్ విలియమ్స్‌కు కూడా భారీ పొడిగింపులు ఇచ్చారు కనుక, అప్పటికి ఆ జట్టులో ఏడో, ఎనిమిదో ఆటగాడికి ఎంత మిగులుతుందో చూడాలి.