కీమో తర్వాత ఐదు రాత్రులు: ఇంటికి పిలిపించుకున్న నర్సింగ్ సేవ గురించి

అమ్మకు రొమ్ము క్యాన్సర్ కీమో మొదటి విడతను హైదరాబాదులో డేకేర్ వార్డులో ఎక్కించి, ఆ సాయంత్రమే ఇంటికి పంపించారు. నాకు పగలు ఉద్యోగం తప్పదు, నాన్నకు రాత్రిపూట చూపు సరిగా ఆనదు. అందుకని ఇళ్లకు మనుషులను పంపే ఒక నర్సింగ్ ఏజెన్సీ దగ్గర ఐదు రాత్రులకు ఒక కేర్‌టేకర్‌ను, ఒక్క ఇంజెక్షన్ కోసం నర్సును మాట్లాడుకున్నాం. రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు ఉండే కేర్‌టేకర్‌కు రాత్రికి 1,000 రూపాయలు, నర్సు ఒకసారి వచ్చి వెళ్లడానికి 600 రూపాయలు తీసుకున్నారు. ఏజెన్సీ పేరు రాయడం లేదు.

ముందుగా నర్సు సంగతి చెప్పాలి, ఎందుకంటే అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. తెల్ల రక్తకణాలు మరీ పడిపోకుండా ఇచ్చే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్‌ను కీమో పూర్తయ్యాక కనీసం 24 గంటలు గడిచిన తర్వాతే వేయాలి. వచ్చిన నర్సు ముందు డిశ్చార్జి కాగితం అడిగి, కీమో ఎన్ని గంటలకు ముగిసిందో చూసి, వేళ్ల మీద లెక్క కట్టుకుని, ఆ తర్వాతే ఫ్రిజ్‌లోని సిరంజిని బయటికి తీయించారు. చల్లటి మందు ఎక్కిస్తే నొప్పి ఎక్కువ అంటూ అరగంట పక్కన ఉంచి, ఈలోపు రెండు మూడు రోజుల్లో నడుములోను, తొడల్లోను ఎముకల నొప్పి రావచ్చని అమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. మూడో రోజు సాయంత్రం ఆ నొప్పి వచ్చినప్పుడు అమ్మ భయపడలేదు. ఆ 600 రూపాయలు నాకు చౌకగానే అనిపించాయి.

కేర్‌టేకర్‌గా వచ్చిన అమ్మాయి ఖమ్మం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటోంది. మొదటి రాత్రి ఆమెకు పెద్దగా పని పడలేదు, గండం గడిచిందని మేమూ అనుకున్నాం. తీరా రెండో రోజు, మూడో రోజు వికారం ముదిరింది. ఈ రకం కీమోకు అలా ఆలస్యంగా వచ్చే వికారం మామూలేనని, అందుకే వాంతుల మాత్రలు బాగున్నా బాగుండకపోయినా వేళకు వేయాలని ఆసుపత్రిలో చెప్పారు. ఆ వేళలను ఆ అమ్మాయి ఒక్కసారీ తప్పలేదు. వంటింట్లో పోపు వేస్తే చాలు అమ్మకు కడుపులో తిప్పేస్తోందని మాకంటే ముందు గమనించి, వంటంతా అమ్మ నిద్రలో ఉన్నప్పుడు తలుపు మూసి చేసుకోమని నాన్నకు చెప్పింది. వేడి పదార్థాల నుంచి వాసన ఎక్కువగా వస్తుందని రాగి జావను, మెత్తగా కలిపిన పెరుగన్నాన్ని చల్లారాక రెండు గంటలకోసారి నాలుగైదు చెంచాల చొప్పున పెట్టింది. ‘ఇంకొక్క చెంచా, పెద్దమ్మా’ అని ఆమె అంటే అమ్మ తినేది, నేనంటే విసుక్కునేది.

లోపమంతా ఆ అమ్మాయికి ఏజెన్సీ ఏమీ నేర్పకుండా పంపడంలో ఉంది. బుకింగ్ చేసేటప్పుడు ఫోన్లో అమ్మ బరువెంత, నడవగలదా, డైపర్లు అవసరమా అని అడిగారే కాని, ఏ చికిత్స జరిగిందని అడగలేదు. అమ్మకు ఎక్కించిన కీమో మందుల్లో ఒకటైన డాక్సోరుబిసిన్ ఎర్రటి మందు కనుక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. ఆ సంగతి తెలియక మొదటి అర్ధరాత్రి ఆ అమ్మాయి రక్తం పోతోందనుకుని వణికిపోతూ నన్ను లేపింది. కీమో తర్వాత కనీసం 48 గంటల పాటు మలమూత్రాల్లోను, వాంతిలోను మందు ఆనవాళ్లు ఉంటాయి కాబట్టి గ్లవుజులు లేకుండా వాటిని ముట్టుకోకూడదు. ఆమె మాత్రం వాంతి బేసిన్‌ను వట్టి చేతులతో కడుగుతూ కనిపించింది. ఇక్కడ నష్టం మాకు కాదు, ఆ పిల్లకు.

నాలుగో రాత్రి జరిగింది మరీ పెద్ద పొరపాటు కావలసింది. ఎముకల నొప్పికి అమ్మ మూలుగుతుంటే, జ్వరం చూడకుండానే పారాసెటమాల్ ఇవ్వబోయింది. కీమో రోగికి 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయవలసిందే. ముందే మాత్ర వేస్తే ఆ జ్వరం కప్పబడిపోతుంది. నాకు మెలకువ వచ్చి థర్మామీటర్ పెట్టి చూస్తే 98.8 ఉంది కనుక సరిపోయింది. మర్నాడు ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు చెబితే ‘అమ్మాయి కొత్తది సార్’ అన్నారు. కొత్త మనిషిని కీమో ఇంటికి పంపిందెవరని అడిగితే జవాబు లేదు.

ఇంకొక మాట. ‘కీమో ప్యాకేజీ’ అని ఐదు రోజులకు అమ్ముతున్నారు కాని, రక్తకణాలు బాగా తగ్గి ఇన్ఫెక్షన్ భయం ఎక్కువగా ఉండేది సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య. అంటే ప్యాకేజీ ముగిసి, కేర్‌టేకర్ వెళ్లిపోయాకే థర్మామీటర్‌తో అసలు పని. అది ఏజెన్సీ వాళ్లు చెప్పరు, కనుక ఇంట్లో ఎవరో ఒకరు ఆ బాధ్యత పెట్టుకోవాలి. పెద్దగా పని పడని మొదటి, ఐదో రాత్రులకు మనిషిని పెట్టుకోకుంటే ఆ 2,000 రూపాయలు కూడా మిగిలేవే.

మూడు వారాలకు రెండో విడత వచ్చినప్పుడు రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి వరకు మాత్రమే, అదీ ఆ అమ్మాయినే పంపాలన్న షరతుతో మళ్లీ బుక్ చేశాం. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, ఎంత జ్వరముంటే ఏ నంబరుకు ఫోన్ చేయాలో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. ఆమె ఈసారి సంచిలో గ్లవుజుల డబ్బా వేసుకుని వచ్చింది. ఏజెన్సీ ఇచ్చిందేమో అనుకున్నాను; అడిగితే, హాస్టల్ పక్కనున్న మందుల దుకాణంలో తనే కొనుక్కున్నానని చెప్పింది.