అల్లాయ్ వీల్స్ వణుకుకు అల్యూమినియం హబ్ రింగులు ఎంతవరకు పనిచేస్తాయి

బయట కొన్న అల్లాయ్ వీల్స్ బిగించాక, గంటకు 80 నుంచి 110 కిలోమీటర్ల వేగం మధ్య స్టీరింగ్ సన్నగా వణకడం చాలామంది కారు యజమానులకు ఎదురయ్యే ఇబ్బందే. నా కారులోనూ అదే జరిగింది. బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించినా, అలైన్‌మెంట్ సరిచూయించినా తగ్గని ఆ వణుకును చివరకు పోగొట్టినవి నాలుగు అల్యూమినియం హబ్ రింగులు, అంటే వీల్ మధ్య రంధ్రానికీ, కారు మీద వీల్ కూర్చునే గుండ్రటి మధ్య భాగానికీ (హబ్) నడుమ ఉన్న ఖాళీని నింపే వలయాలు. ఈ సమీక్ష వాటి గురించే. అయితే అవి ఏ లోపానికి మందో తెలియకుండా కొంటే డబ్బు వృథా అవుతుంది కాబట్టి, ముందుగా ఆ సంగతి కొంత వివరంగా చెబుతాను.

కారుతో పాటు వచ్చే వీల్ మధ్య రంధ్రం ఆ కారు హబ్‌కు ఖచ్చితంగా సరిపోయే కొలతలో ఉంటుంది. బయట అమ్మే వీల్‌ను మాత్రం అనేక రకాల కార్లకు పనికివచ్చేలా తయారుచేస్తారు కనుక, దాని మధ్య రంధ్రాన్ని పెద్దదిగా, తరచుగా 73.1 మిల్లీమీటర్లు ఉండేలా చేస్తారు. నా కారు హబ్ 67.1 మిల్లీమీటర్లు, అంటే చుట్టూ 3 మిల్లీమీటర్ల ఖాళీ. అప్పుడు వీల్‌ను మధ్యకు తెచ్చే బాధ్యత మొత్తం నట్ల మీదే పడుతుంది. ఒక నట్టు ముందుగా ఎక్కువ బిగిసినా వీల్ కొద్దిగా పక్కకు జరిగి అక్కడే స్థిరపడిపోతుంది. ఆ జరుగుడు కంటికి కనిపించదు, కానీ లెక్క వేస్తే దాని బలం తెలుస్తుంది. టైరుతో కలిపి 20 కిలోలున్న చక్రం కేవలం 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, 15 అంగుళాల రిమ్ అంచున దాదాపు 20 గ్రాముల సీసం ముక్క అతికించినంత తేడా వస్తుంది. 90 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు పన్నెండు సార్లకు పైగా తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ స్టీరింగ్‌ను కుదుపుతుంది.

మరి బ్యాలెన్సింగ్ యంత్రం దీన్ని ఎందుకు పట్టుకోలేదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. యంత్రం మీద వీల్‌ను మధ్య రంధ్రంలో దూర్చిన కోన్ (శంకువు ఆకారపు బిగింపు) పట్టుకుంటుంది, కారు మీద నట్లు పట్టుకుంటాయి. రెండు చోట్లా కేంద్రం ఒకటే కానప్పుడు, యంత్రం తెర మీద చూపించే సున్నా యంత్రం వరకే నిజం. అందుకే అవే వీల్స్‌ను పదే పదే బ్యాలెన్సింగ్‌కు తీసుకెళ్లడం వల్ల ప్రయోజనం ఉండదని గట్టిగా చెప్పగలను.

ఇక రింగుల విషయానికి వస్తే, నేను కొన్న జత పనితనం బాగుంది. వెర్నియర్‌తో కొలిచినప్పుడు నాలుగింటి లోపలి, బయటి కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లోపలి అంచుకు సన్నటి వాలు తీశారు కాబట్టి, హబ్ మీద పెట్టి రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కితే మెత్తగా జారి చివరి వరకూ వెళ్లి కూర్చుంటుంది. సుత్తితో కొట్టాల్సి వస్తే కొలత తప్పినట్టు, వేలితో కదిపినప్పుడు అటూ ఇటూ ఆడితే కూడా తప్పినట్టే. ఇవే రింగులు ప్లాస్టిక్‌లోనూ దొరుకుతాయి. నట్లు బిగిసిన తరువాత కారు బరువును మోసేది వీల్‌కూ హబ్‌కూ మధ్య ఉన్న ఒత్తిడే తప్ప రింగు కాదు, కాబట్టి మామూలు వాడకానికి ప్లాస్టిక్ కూడా సరిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకుల వేడి హబ్ వరకూ పాకుతుంది కనుక నేను అల్యూమినియం వైపు మొగ్గాను. అయితే ఇనుప హబ్ మీద అల్యూమినియం తడికి పట్టేసుకుంటుంది. హబ్ అంచుకు మాత్రమే పలుచగా గ్రీజు పూయాలి, వీల్ ఆనే ముఖానికీ నట్ల మరలకూ అంటనివ్వకూడదు.

బిగించే పద్ధతి సరిగా లేకపోతే ఎంత మంచి రింగైనా నిష్ప్రయోజనమే. హబ్ ముఖం మీద పేరుకున్న తుప్పును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకించాను. కారు జాకీ మీద ఉండగానే నట్లను ఎదురెదురు వరుసలో కొద్దికొద్దిగా బిగించి, దించిన తరువాత కారు పుస్తకంలో ఉన్న టార్క్ (నట్టును ఎంత గట్టిగా తిప్పి బిగించాలన్న కొలత) ప్రకారం టార్క్ రెంచ్‌తో ముగించాలి. షాపువాళ్లు నట్లు బిగించే గన్‌తో ఒక్కసారిగా బిగించేస్తామంటే ఒప్పుకోకూడదు. నట్టు కూర్చునే గుంట ఆకారం కూడా చూడాలి. బయటి వీల్స్‌లో ఎక్కువగా 60 డిగ్రీల శంకువు ఆకారపు గుంట ఉంటుంది. కొన్ని కార్లతో వచ్చే నట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది, అవి ఆ గుంటలో పూర్తిగా ఆనవు, దారిలో వదులయ్యే ప్రమాదం ఉంది. కొత్త వీల్స్‌కు 50 నుంచి 100 కిలోమీటర్ల తరువాత టార్క్ మళ్లీ చూడడం తప్పనిసరి.

ఫలితం స్పష్టంగా తెలిసింది. స్టీరింగ్ వణుకు పూర్తిగా పోయింది. సీటు కింద నుంచి తెలిసే స్వల్పమైన అదురు మాత్రం మిగిలింది, అది వెనుక చక్రాలది. ఒక టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి ఎక్కించి మళ్లీ బ్యాలెన్స్ చేయించాక అదీ తగ్గింది. ఆ ఘనత రింగులది కాదు. బ్రేకు వేసినప్పుడే స్టీరింగ్ వణికితే డిస్కులను, యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వణికితే ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్టులను చూపించాలి. రిమ్ వంగినా, టైరు ఉబ్బినా రింగులు చేయగలిగింది ఏమీ లేదు.

ఈ జతలో నాకు నచ్చని విషయం ఒకటుంది. రింగు మీద కొలత చెక్కలేదు, ఒక కాగితపు చీటీ మాత్రమే అంటించారు. పంక్చర్ షాపులో వీల్ విప్పినప్పుడు రింగు పడిపోతే అదే కొలతది మళ్లీ తెచ్చుకోవడానికి చెక్కిన అంకెలే ఆధారం, కాబట్టి ఆ కొలత మీరే రాసి పెట్టుకోండి. స్టెప్నీ విషయం కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. కారుతో వచ్చిన స్టీల్ స్టెప్నీ రంధ్రం హబ్ కొలతకే ఉంటుంది కనుక, హబ్ మీద రింగు మిగిలిపోతే స్టెప్నీ లోపలికి వెళ్లదు. రింగు తీయడానికి పలుచని స్క్రూడ్రైవర్‌నూ, స్టెప్నీకి సరిపోయే పాత నట్లనూ జాకీ సంచిలోనే ఉంచుకోండి.