ఉసిక్–ఫ్యూరీ: మొదటి పోరా, రీమ్యాచా?

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దగ్గర టీ తాగేటప్పుడు మా కుర్రాళ్లు ఎప్పుడూ అడిగేదే: "అన్నా, బాక్సర్లు ఉసిక్, ఫ్యూరీ రెండుసార్లు తలపడ్డారు గదా, ఆ రెండిట్లో ఏది చూడాల?"

ఒక్కటే చూసే తీరిక ఉంటే మొదటిదే చూడండి. 2024 మే 18, రియాద్. 1999 తర్వాత హెవీవెయిట్‌లో పెద్ద సంస్థల ప్రపంచ టైటిల్ బెల్టులన్నీ ఒక్కడి చేతికి వచ్చిన రాత్రి అది. మధ్య రౌండ్లలో ఫ్యూరీ అప్పర్‌కట్లు తగులుతుంటే ఉసిక్ పనైపోయిందనే అనిపిస్తుంది. తొమ్మిదో రౌండ్‌లో అంతా తిరగబడింది. ఉసిక్ ఎడమచేతి దెబ్బలకి ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి ఈ తాళ్ల నుంచి ఆ తాళ్లకి తూలుకుంటూ పోయాడు. తాళ్లు లేకుంటే కింద పడేవాడే, అందుకే రిఫరీ పడిపోయినట్టే లెక్కేసి కౌంట్ పెట్టాడు. ఇద్దరు జడ్జీలు ఉసిక్‌కి 115-112, 114-113 వేశారు, మూడో ఆయన ఫ్యూరీకి 114-113 వేశాడు. ఆ కౌంట్‌కి ఫ్యూరీకి పోయిన ఒక్క పాయింటు పోకుంటే పోరు డ్రా!

రీమ్యాచ్ అదే ఏడాది డిసెంబర్ 21న, అదే ఊళ్లో. ఫ్యూరీ బరువు పెంచుకుని వచ్చాడు. ఎవరూ పడలేదు. ముగ్గురు జడ్జీలూ 116-112 ఉసిక్‌కే. నాలుగు పెద్ద బెల్టుల్లో ఐబీఎఫ్ (అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య) బెల్టుని ఉసిక్ ముందే వదిలేశాడు కాబట్టి పందెంలో ఉన్నవి మూడే.

గ్లవ్స్ వేసుకుని నేర్చుకునే పిల్లలకైతే మాత్రం నా ఓటు రీమ్యాచ్‌కే. చేతులు కాదబ్బయ్యా, ఉసిక్ కాళ్లు చూడండి. ఎడమచేతి వాటం వాడు కుడికాలు ఎదుటివాడి ఎడమకాలికి బయట వేస్తే, ఎడమచేతికి దారి తెరుచుకుంటుంది.