లాయర్ లేకుండా అప్పీలు: అమెరికాలో, మన దగ్గర

సివిల్ కేసు ఓడిపోయారు, లాయర్ లేరు. అమెరికా ఫెడరల్ కోర్టులో అయితే తీర్పు నమోదైన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలుకు వెళ్లాలి. అమెరికా కేంద్ర (ఫెడరల్) ప్రభుత్వం కక్షిదారైతే 60. మొదట ఇవ్వాల్సింది చిన్న నోటీసే, వాదనలు తర్వాత రాసుకోవచ్చు. ఇది నిజంగా హాయి. గడువు దగ్గరే టెన్షన్. పొడిగింపు ఉంది కానీ, దానికీ గడువుంది. 2007 నాటి బోల్స్ కేసులో జడ్జి 14 రోజుల పొడిగింపు ఇవ్వాల్సిన చోట 17 ఇచ్చారు. ఆ మాట నమ్మి బోల్స్ 16వ రోజున నోటీసు వేస్తే, అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెల్లదంది. జడ్జి తప్పుకు కక్షిదారుకు శిక్ష! లాయర్ లేని ఖైదీలకు మాత్రం 1988 హూస్టన్ తీర్పు ఊరట: జైలు అధికారులకు నోటీసు ఇచ్చిన రోజే దాఖలైనట్టు.

మన దగ్గర జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90. తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) రావడానికి పట్టిన రోజులు లెక్కలోకి రావు. ఆలస్యమైనా 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద తగిన కారణం చూపొచ్చు. ఒప్పుకోవడం కోర్టు ఇష్టం. కాకపోతే అభ్యంతరాలన్నీ మొదటి కాగితంలోనే రాయాలి, కోర్టు ఫీజు కట్టాలి. చట్టం చదవని మనిషికి అదే కొండ.

గడువు విషయంలో మన పద్ధతే న్యాయం, మొదటి కాగితం విషయంలో వాళ్లది. పైగా ఇక్కడ మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. గడువు ముగియకముందే అడగండి.